ఫ్రామ్ మ్యూజియం, ఓస్లో: ధ్రువాల ఓడను లోపలి నుంచి చూసే చోటు

ఓస్లోలో ఒక్కరోజే ఉండే వీలున్నవారు ఏం చూడాలని అడిగితే, నేను మొదట చెప్పేది బిగ్డోయ్ ద్వీపకల్పంలోని ఫ్రామ్ మ్యూజియం పేరే. ఒడ్డుకు చేర్చిన ఫ్రామ్ అనే ధ్రువయాత్రల ఓడ చుట్టూ భవనం కట్టి 1936లో తెరిచారు కాబట్టి, ఇక్కడ ఉన్నది నమూనా కాదు, అసలు ఓడే. డెక్కు మీద నడిచి, మెట్లు దిగి, ఓడ అట్టడుగున ఉండే అర దాకా వెళ్లవచ్చు.

ఈ ఓడ పుట్టుక వెనుక మరో ఓడ నాశనం ఉంది. 1881లో జెన్నెట్ అనే అమెరికా ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోగా, దాని సామాను మూడేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ తీరాన దొరికింది. ఆర్కిటిక్ మంచు ఒకవైపు నుంచి మరోవైపుకు కదులుతోందని దాన్నిబట్టి గ్రహించిన నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్, కావాలనే ఆ మంచులో చిక్కుకుని దానితోపాటు సాగిపోయే ఓడను కట్టమని ఓడల నిర్మాత కోలిన్ ఆర్చర్‌ను కోరాడు. 1892లో నార్వేలోని లార్విక్‌లో నీటిలోకి దింపిన ఫ్రామ్ పొడవు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. పొట్ట గుండ్రంగా, నున్నగా ఉండటం వల్ల మంచు ఇరుపక్కలా నొక్కినప్పుడు ఓడ నలగదు, పైకి లేస్తుంది. మంచు విరగ్గొట్టకుండా చుక్కానినీ ప్రొపెల్లరునూ నిలువు గూళ్లలోకి పైకి లాగేస్తారు. ఈ ఆకారం వల్లే మంచు లేని సముద్రంలో ఓడ విపరీతంగా ఊగేదట, అయినా ఆర్చర్ ఎంపిక సరైనదేనని నేను నమ్ముతున్నాను.

ఆ నమ్మకం నాకు ఓడ అట్టడుగు అరలోనే కుదిరింది. అక్కడ ఏటవాలు దూలాలూ వంపు తిరిగిన ఆనింపు కొయ్యలూ ఎంత దట్టంగా ఉన్నాయంటే, వాటి మధ్య ఒరుసుకుంటూ నడవాల్సి వచ్చింది. పక్కగోడల మందం 70 నుంచి 80 సెంటీమీటర్లు. పై అంతస్తులో పడక గదులు మాత్రం చాలా చిన్నవి. చలి చొరబడకుండా గోడల్లో, కప్పుల్లో ఫెల్టు, కార్కు, రెయిన్‌డీర్ వెంట్రుకలు పొరలు పొరలుగా నింపారు. గాలిమరతో విద్యుద్దీపాలు వెలిగించుకుంటూ 13 మంది ఇందులో చలికాలాలు గడిపారు.

1893 సెప్టెంబరులో మంచులో చిక్కిన ఓడ 1896 ఆగస్టులో బయటపడింది. మధ్యలో ఓడ దిగి స్కీలపై ఉత్తర ధ్రువానికి బయలుదేరిన నాన్సెన్, అతని సహచరుడు యోహాన్సెన్ దాన్ని చేరలేకపోయినా, అందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. తర్వాత, ఆ యాత్రలో ఓడ కెప్టెన్‌గా ఉన్న స్వెర్డ్రుప్ 1898 నుంచి నాలుగేళ్లు కెనడా ఉత్తర దీవులను పటాల్లోకి ఎక్కించింది ఈ ఓడతోనే. 1911లో దక్షిణ ధ్రువాన్ని చేరిన నార్వే అన్వేషకుడు అముండ్సెన్‌ను అంటార్కిటికాకు తీసుకెళ్లిందీ ఇదే. ఆపై ఏళ్ల తరబడి నార్వేలోని హోర్టెన్ రేవులో శిథిలమవుతూ పడి ఉన్న ఫ్రామ్‌ను కాపాడటానికి ముసలితనంలో స్వెర్డ్రుప్ పడిన పాటు నన్ను అన్నిటికన్నా కదిలించింది.

లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు పైనుంచి డెక్కు చూసి తృప్తిపడటం మేలు. కనీసం రెండు గంటలు కేటాయించుకోండి, పక్క భవనంలోని యోవా అనే ఓడకు మరో అరగంట ఉంచుకోండి. కెనడాకు ఉత్తరాన అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు వెళ్లే వాయవ్య జలమార్గాన్ని మొదటిసారి దాటిన ఆ చిన్న ఓడను ఫ్రామ్ చూశాక చూస్తేనే, అముండ్సెన్ అంతకుముందు ఎంత తక్కువ చెక్కను నమ్ముకుని బయలుదేరాడో తెలుస్తుంది.