ఏడు నెలల విశ్రాంతికి 2 మిల్లీలీటర్ల మందు: బ్రష్ కట్టర్‌లో పోసి చూసిన ఫ్యూయల్ స్టెబిలైజర్

పొదలకూరు ప్రాంతంలో నిమ్మతోటలున్నవారికి గడ్డి కోసే బ్రష్ కట్టర్‌తో పని అక్టోబరు వానలతో మొదలై, సంక్రాంతి దాటిన కొన్ని వారాలకు ముగుస్తుంది. ఆపై చెట్ల వరుసల మధ్య గడ్డి ఎండిపోతుంది, పాదుల్లోని కలుపుకు పార చాలు. యంత్రం ఏడు నెలలపాటు రేకుల షెడ్డులో ఉండిపోతుంది. రెండేళ్ల క్రితం టాంకులో సగం పెట్రోలుతోనే దాన్ని గోడకు ఆనించి, వానలు మొదలయ్యాక తీసి తాడు లాగితే, భుజం నొప్పి పుట్టిందే గాని ఇంజను పలకలేదు. టాంకు మూత తీయగానే పెట్రోలు వాసనకు బదులు పాత వార్నిష్ వాసన కొట్టింది. మెకానిక్ ఇంజనుకు పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బొరేటర్‌ను విప్పి, దానిలో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమైన జెట్‌లో గడ్డకట్టిన పసుపుపచ్చని జిగురును సన్నని తీగతో పొడిచి బయటకు తీశాడు.

పెట్రోలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారుతుంది. ఎండ తీవ్రత ఆ మార్పును వేగవంతం చేస్తుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి టాంకు అడుగుకు చేరతాయి.

అందుకే కిందటి మార్చిలో స్టా-బిల్ అనే అమెరికా ఫ్యూయల్ స్టెబిలైజర్‌ను, అంటే నిల్వ ఉన్న పెట్రోలు త్వరగా చెడిపోకుండా కలిపే మందును, ఆన్‌లైన్‌లో తెప్పించాను. దీని మోతాదు సుమారు 10 లీటర్ల పెట్రోలుకు 30 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు 3. లీటరైనా పట్టని నా యంత్రం టాంకుకు 2 మిల్లీలీటర్లు సరిపోయింది. మందుల షాపులో కొన్న 5 మిల్లీలీటర్ల సిరంజి లేకపోతే ఇంత చిన్న కొలత కుదిరేది కాదు. అదే రోజు బంకులో కొట్టించిన పెట్రోలులో మందు కలిపి, గాలికి చోటు తగ్గేలా టాంకును దాదాపు నింపి, ఇంజనును ఐదు నిమిషాలు నడిపాను. మందు కలిసిన పెట్రోలు కార్బొరేటర్ దాకా చేరాలంటే ఈ ఐదు నిమిషాలు తప్పవు. టాంకులో పోసి మూత బిగించి వదిలేస్తే జెట్‌లో పాత పెట్రోలే మిగిలిపోతుంది.

అక్టోబరులో తీసినప్పుడు ఇంజను స్టార్ట్ చేసే ముందు పెట్రోలు ఎక్కించడానికి నొక్కే ప్రైమర్ బుడగ మెత్తగానే ఉంది, నాలుగో లాగుకు ఇంజను అందుకుంది. మొదటి నిమిషం కాస్త పొగ వచ్చినా ఆ తర్వాత శబ్దం నిలకడగా సాగింది, మెకానిక్ దగ్గరికి వెళ్లే పని పడలేదు. ఒక్క యంత్రంతో, ఒక్క సీజనులో తేలిన ఫలితం ఇది; అంతకుమించి చెప్పలేను.

అయితే ఈ మందు చెడిపోయిన పెట్రోలును బాగుచేయదు, అడుగున చేరిన నీటిని తీసేయదు. పక్క తోట పెద్దాయన ఒకరు పాత పెట్రోలులోనే పోసి చూడవచ్చు కదా అని అడిగారు. ఆ పెట్రోలు పారబోసి కొత్తది పోసుకోవడమే మేలని చెప్పాను. పదిహేను రోజులకోసారి వాడే తైవాన్ స్ప్రేయర్‌కు (పెట్రోలుతో నడిచే పురుగుమందు పిచికారీ యంత్రానికి) దీని అవసరమే లేదు.

నా అసలు అభ్యంతరం సీసా పరిమాణం మీద. 236 మిల్లీలీటర్ల చిన్న సీసా సుమారు 75 లీటర్ల పెట్రోలుకు సరిపోతుంది. ఏడాదికి 2 మిల్లీలీటర్లు వాడే నేను దాన్ని ఖాళీ చేయాలంటే ఒక జన్మ చాలదు, మూత తీసిన మందు అన్నేళ్లు నిలవదు కూడా. ఒక్కటే యంత్రం ఉన్నవారు టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపి ఉంచితే పైసా ఖర్చు లేకుండా చాలావరకు పని జరుగుతుంది. జనరేటరు, నీళ్ల ఇంజను, కట్టర్ అన్నీ ఉన్నవారు, తుఫాను రోజుల కోసం డబ్బాలో పెట్రోలు నిల్వ ఉంచుకునేవారు మాత్రం నలుగురు కలిసి ఒక సీసా కొనుక్కోవచ్చు. మా సీసా ఇప్పుడు మూడు తోటల మధ్య తిరుగుతోంది, సిరంజి కూడా దానితోపాటే.