2 పౌండ్ల బస్సు, 35 పౌండ్ల పోపు వాసన

మాంచెస్టర్‌లో మాకు తిరిగి రావలసిన డిపాజిట్టులోంచి 35 పౌండ్లు కోసుకున్నారు. కారణం, గదిలో పోపు వాసనట. మన డబ్బుల్లో నాలుగు వేలు దాటింది. ఆ పోపు వేసింది ఒక్కసారి, అదీ పెరుగన్నంలోకి.

2025 జులైలో మా అమ్మాయి పట్టా పుచ్చుకుంటుంటే చూడడానికి హనుమకొండ నుంచి నేనూ మా ఆవిడా వెళ్లాం. అమ్మాయి మరో ముగ్గురితో కలిసి ఉంటున్న ఇంట్లో మాకు చోటు లేదు. ఊరి నడుమ వంటగది ఉన్న గదిని 5 రాత్రులకు తీసుకున్నాం, రాత్రికి 82 పౌండ్లు. లిఫ్టు ఉందని ప్రకటనలో రాశారు. ఉంది కూడా, తలుపు మీద ‘పనిచేయదు’ అన్న కాగితంతో. ఆ కాగితం అంచులు అప్పటికే పసుపు రంగుకు తిరిగాయి. మూడో అంతస్తుకు 54 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ప్రతి మలుపులోనూ ఆగి, ఈ గదిని వెతికింది ఎవరో నాకు గుర్తుచేసింది. కిటికీ నాలుగు వేళ్ల మందాన తెరుచుకుంటుంది. పోపు వాసన ఎటు పోవాలి?

నేను తగువు పడింది మాత్రం వేరే విషయం మీద. బిల్లులో ‘నగర సందర్శకుల రుసుము’ అంటూ 6 పౌండ్లు కనిపించేసరికి దోపిడీ అనుకుని అరగంట వాదించాను. తీరా అది నిజమైనదే. 2023 ఏప్రిల్ నుంచి ఊరి మధ్యలోని బసల్లో గదికి రాత్రికి 1 పౌండు, దాని మీద పన్ను. ఆ సిగ్గులో డిపాజిట్టు షరతులు చదవకుండానే సంతకం పెట్టేశాను. మీరు ఆ 6 పౌండ్ల గురించి నోరెత్తకండి, షరతుల కాగితం మాత్రం చివరి అక్షరం దాకా చదవండి.

ఇక బస్సులు. నేను 31 ఏళ్లు ఆర్టీసీ డిపోలో పనిచేసినవాణ్ణి, ఏ ఊరు వెళ్లినా ముందు చూసేది బస్సునే. విమానాశ్రయం దగ్గర టాక్సీవాడు 38 పౌండ్లు అడిగాడు. 43వ నంబరు బస్సుకు మా ఇద్దరికీ కలిపి 4 పౌండ్లు, పైగా అది రాత్రింబవళ్లూ తిరుగుతుంది. మా ఆవిడ కాలు ఎత్తలేక తటపటాయిస్తుంటే డ్రైవరు మీట నొక్కాడు. బస్సు ఉస్సురంటూ గట్టువైపు ఒరిగింది. “నా మోకాళ్లు వంగడం లేదని దాని మోకాళ్లు వంచాడండీ!” అంది. అమ్మాయి పట్టా తరువాత ఆవిడ నోట మెప్పు పొందింది ఆ బస్సొక్కటే.

1986లో లండన్‌ను మినహాయించి బ్రిటన్‌లో బస్సులను ప్రైవేటుకు వదిలేశారు. లాభమున్న రూటులో కంపెనీలు పోటీపడ్డాయి, లేని రూటు ఎవరికీ పట్టలేదు. ఒక కంపెనీ టికెట్టు మరో కంపెనీ బస్సులో చెల్లక జనం అవస్థ పడ్డారు. మాంచెస్టర్‌తో సహా 10 పట్టణ ప్రాంతాలకు కలిపి 2017లో మొదటి మేయర్‌గా ఎన్నికైన ఆండీ బర్నమ్, బస్సులను మళ్లీ ప్రభుత్వ అదుపులోకి తేవాలని 2021లో నిర్ణయించాడు. రెండు కంపెనీలు కోర్టుకెక్కి ఓడిపోయాయి. 2023 సెప్టెంబరులో బోల్టన్, విగన్‌లతో మొదలై 2025 జనవరి 5కల్లా పది ప్రాంతాలూ పూర్తయ్యాయి. పసుపు బస్సు మీద తేనెటీగ బొమ్మ, పేరు ‘బీ నెట్‌వర్క్’. మిల్లుల కాలం నుంచీ తేనెటీగ ఆ ఊరి గుర్తు.

నడిపేది ఇప్పటికీ ప్రైవేటు కంపెనీలే. రూటు, వేళలు, చార్జీ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటాయి, కంపెనీకి ఒప్పందం ప్రకారం డబ్బు ముడుతుంది. మన అద్దె బస్సుల పద్ధతి తెలిసినవాళ్లకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. 2025లో ఇంగ్లండ్‌లో చార్జీ పరిమితిని 3 పౌండ్లకు పెంచినా ఇక్కడ 2 దగ్గరే ఉంచారు. గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు. ఒకే బ్యాంకు కార్డును ఇద్దరికీ గీకకండి, ఎవరి కార్డు వారిదే. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసున్న అక్కడి పిల్లలకు 2019 నుంచి బస్సు ఉచితం. అది విని మా ఆవిడ, “మరి ఆడవాళ్లకు జీరో టికెట్టు లేదా?” అంది. లేదంటే ఆ మేయరు మీద ఆవిడకు కాస్త గౌరవం తగ్గింది.

నాకు తగ్గింది ఊరి నడుమనున్న పికడిలీ గార్డెన్స్ కూడలి దగ్గర. నిలువ నీడలేనివారికి రాత్రి పడక చూపే పథకాన్ని మేయరు 2018లో పెట్టాడు, తన జీతంలో 15 శాతం ఆ పనికే ఇస్తూ వచ్చాడు. అయినా రాత్రి పదింటికి దుకాణాల గుమ్మాల్లో దుప్పట్లు కప్పుకున్న మనుషులు కనిపించారు. అమ్మాయి మమ్మల్ని చేయి పట్టుకుని గబగబా దాటించింది.

ఆ పది ప్రాంతాల్లో ఒకటైన స్టాక్‌పోర్ట్ తప్పక వెళ్లండి. 2024లో తెరిచిన బస్టాండు కప్పు మీద పార్కు! పక్కనే 1840 నాటి 27 కమానుల రైలు వంతెన, ఆనుకుని కొత్త ఫ్లాట్లు. బస్సు మెరుగైతే చుట్టూ ఇళ్లూ వ్యాపారమూ పెరుగుతాయన్నది వాళ్ల లెక్క. ఒక బెంచీ మీద గంట సేపు కూర్చుని బస్సుల రాకపోకలు చూశాను. మా ఆవిడ ఆ గంటలో నిద్రపోయింది.

లివర్‌పూల్ వెళ్లాం, వచ్చాం. లండన్ రైలుకు ఇద్దరికీ 148 పౌండ్లయింది. మాంచెస్టర్ దాకా వేస్తామన్న వేగపు రైలు మార్గంలో బర్మింగ్‌హామ్ దాటిన భాగాన్ని 2023 అక్టోబరులో అప్పటి ప్రధాని రిషి సునాక్ రద్దుచేశాడు. ఆ మాట ప్రకటించిన మాంచెస్టర్ సభాభవనం ఒకప్పుడు రైల్వే స్టేషనే.

డిపాజిట్టు గురించి అమ్మాయి మూడు ఉత్తరాలు రాసింది. ‘పరిశీలిస్తున్నాం’ అని జవాబొచ్చింది. వాసన గోడల్లోనే ఉందట, ఇంకా.