కొవ్వూరు టీచర్‌కి రాజమండ్రి డీఈఓ ఆఫీసు: నా రివ్యూ

కొవ్వూరు మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ మాకు డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసంటే ఏలూరే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. మా కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం వైపు మండలాలను తీసుకెళ్లి తూర్పు గోదావరిలో కలిపారు. జిల్లా కేంద్రం రాజమహేంద్రవరం. అలా మా స్కూళ్ల పెత్తనం గోదావరి దాటింది.

ఆఫీసు పెట్టిన చోటుకి అయిదుకి అయిదు ఇస్తాను. మొత్తం సేవకి మాత్రం మూడే. ఎందుకో చెబుతాను.

కొవ్వూరు నుంచి ఏలూరు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. మెడికల్ బిల్లు అయినా, పాస్‌పోర్టుకి ఎన్ఓసీ అయినా ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టుకుని పొద్దున్నే రైలెక్కాల్సిందే. తీరా వెళ్లాక ఒక్క కాగితం తక్కువైందంటే ఆ రోజు పోయినట్టే. ఇప్పుడు రోడ్ కం రైల్వే బ్రిడ్జి దాటితే రాజమండ్రి. 1974లో కట్టిన ఈ వంతెన మీద మా ఊరివాళ్లు ఎప్పట్నుంచో ఆసుపత్రికీ, బట్టలకీ, కాలేజీలకీ అటే వెళ్తున్నారు. ప్రభుత్వ కాగితం మాత్రం 2022 దాకా ఇంకో దిక్కుకి వెళ్లేది.

దగ్గరగా ఉంటే ఏం ఒరుగుతుందో నేను కళ్లారా చూశాను. మా స్కూల్లో చదివిన ఒక అబ్బాయి పదో తరగతి మెమోలో తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఈ సవరణ కాగితాలు డీఈఓ ఆఫీసు ద్వారానే పైన పరీక్షల డైరెక్టర్ ఆఫీసుకి వెళ్లాలి. వాళ్లమ్మ కూలి మానుకుని వచ్చింది, తోడుగా నేనూ వెళ్లాను. సీట్లో ఉన్నాయన అడ్మిషన్ రిజిస్టర్ నకలు పక్కన మెమో పెట్టుకుని, పెన్ను మొనతో ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్లారు. పేరు సరిపోయింది గానీ, మా స్కూలు రబ్బరు స్టాంపు సరిగ్గా పుట్టిన తేదీ మీదే పడింది, అంకె కనబడటం లేదు. "అమ్మా, దీన్ని పైకి పంపితే వెనక్కి కొడతారు. ఇంకో నకలు తెచ్చేయండి, నేను ఉంటాను" అన్నారు. స్కూటీ మీద కొవ్వూరు వచ్చి, హెచ్‌ఎం గారితో మళ్లీ సంతకం చేయించుకుని సాయంత్రంలోపే ఇచ్చేశాం. ఇదే ఏలూరైతే ఆవిడకి రెండో రోజు కూలి కూడా పోయేది. జిల్లా కేంద్రం ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే ముందు ఆవిడనే అడగమంటాను.

అయితే అందరికీ ఇంత లాభం రాలేదు. పునర్విభజనకి లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలతగా పెట్టుకున్నారు. కొలత ఒకటే అయినా దూరాలు ఒకటి కావు కదా. నల్లజర్ల టీచర్లకి ఏలూరైనా రాజమండ్రైనా ప్రయాణం దాదాపు ఒకటే. గోపాలపురం నియోజకవర్గంలోదే అయినా ద్వారకా తిరుమల మండలాన్ని ఏలూరు జిల్లాలోనే ఉంచారు, అది మంచి పని. అదే ఆలోచన ప్రతి మండలానికీ చేయాల్సింది.

ఇక ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, డీఈఓ ఆఫీసు ఇటు వచ్చినా జిల్లా పరిషత్ రాలేదు. జిల్లా పరిషత్‌లు పాత పదమూడు జిల్లాలవే ఉండిపోయాయి. మా పీఎఫ్ ఉండేది జిల్లా పరిషత్‌లోనే. అంటే నా జీతం, సెలవు, సర్వీసు వ్యవహారాలు రాజమండ్రిలో, నా పీఎఫ్ డబ్బులు ఏలూరులో. పిల్ల పెళ్లికి పార్ట్ ఫైనల్ (పీఎఫ్‌లోంచి కొంత డబ్బు తీసుకోవడం) పెట్టుకునే టీచర్ ఫైలు ఇప్పటికీ ఎనభై కిలోమీటర్లు వెళ్లాలి. ఇందులో ఏలూరు సిబ్బంది తప్పేమీ లేదు, వాళ్లకి ఇచ్చిన పని వాళ్లు చేస్తున్నారు. తప్పల్లా ఒక ఆఫీసుని కదిలించి, దానికి జోడుగా ఉన్నదాన్ని వదిలేసిన నిర్ణయానిది. నియామకాలదీ అదే తీరు. 2025 మెగా డీఎస్సీ (టీచర్ల నియామకం) 16,347 పోస్టుల్లో జిల్లా స్థాయివన్నీ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే వేశారు. కొత్తగా చేరిన పిల్లలు "మేడం, మనది ఏ జిల్లా?" అని అడిగితే ఏ పనికి ఏ జిల్లానో విడివిడిగా చెప్పాల్సి వస్తోంది. టీచర్‌కి ఇది నిజంగా టెన్షనే. రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్లకి మరీనూ.

ముందు ముందు మళ్లీ ఎక్కడైనా జిల్లాల్ని కలిపినా, విడదీసినా డీఈఓ ఆఫీసు, పీఎఫ్ లెక్కలు, సీనియారిటీ జాబితాలు ఒకే రోజు, ఒకే ఊరికి వెళ్లాలి. అంతవరకూ బోర్డు మార్చకూడదని నా గట్టి అభిప్రాయం.

మా వైపు నుంచి వెళ్లేవాళ్లకి రెండు మాటలు. బయల్దేరే ముందు వంతెన సంగతి కనుక్కోండి. 2023లో మరమ్మతులకని నెలపాటు మూసేస్తే అందరం గామన్ బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగాం. మెమో సవరణకైతే ఒరిజినల్‌తో పాటు రెండు సెట్ల జిరాక్సులు పట్టుకెళ్లండి. స్కూల్లోనే స్టాంపు ఎక్కడ పడిందో ఒకసారి చూసుకోండి.