కోర్సెరాలో ‘కంప్యూటర్స్, వేవ్స్, సిమ్యులేషన్స్’ కోర్సు: అనంతపురం నుంచి నా రివ్యూ

జియాలజీనో జియోఫిజిక్సో ఎమ్మెస్సీ చేసి, సర్వే పనులకి తిరుగుతా, ఈ ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్ (ఎఫ్ఈఎం, వస్తువుని చిన్న ముక్కలు చేసి ముక్కముక్కకీ లెక్క కట్టి కలిపే పద్ధతి) అంటే ఏందో ఒకసారి గట్టిగా నేర్చుకోవల్ల అనుకునే వాళ్ల కోసం రాస్తున్నా. ఈ కోర్సు చెప్పేది హైనర్ ఈగెల్, జర్మనీలో మ్యూనిక్ యూనివర్సిటీలో సీస్మాలజీ, అంటే భూకంప అలల శాస్త్రం, ప్రొఫెసర్. నా రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి ఐదు.

మన పక్క ఎఫ్ఈఎం అనంగానే మెకానికల్, సివిల్ పిల్లోల్ల సబ్జెక్టు అనుకుంటారు, బీములు, బ్రాకెట్లు, ప్రాజెక్టుకి ఆన్సిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రంగురంగుల బొమ్మ, అంతటితో సరి. ఈడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి చూసినా, ఫీజు బాగానే గుంజినారు గానీ ఏ మెనూలో ఏ బటన్ నొక్కల్లో తప్ప ఇంకోటి చెప్పలేదు, మెష్ (ఆ ముక్కల వల) ఎందుకు అంత చిన్నగా పెట్టల్ల సార్ అని అడిగితే సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది లేమ్మా అన్నారు. భూమి సంగతి అట్ల కుదరదు గదా, బ్రాకెట్ అయితే కొలతలు మన చేతిలో ఉంటాయి, నేల కింద ఏముందో తెలీకనే గదా ఈ లెక్కలన్నీ.

ఈ కోర్సులో బటన్లు లేవు. అంతా పైథాన్ నోట్‌బుక్కులే, ఒక తీగ మీద పోయే అల, అంటే 1డీ వేవ్ ఈక్వేషన్, దాంతో మొదలుపెట్టి పక్క పాయింట్ విలువలు తీసుకొని డెరివేటివ్ కట్టడం నేర్పిస్తాడు. ఇది ఫైనైట్ డిఫరెన్స్. టైం స్టెప్ పెంచి చూడమంటాడు, ఒక హద్దు దాటినాక అల ఉన్నట్టుండి పేలిపోయి నంబర్లు ఆకాశానికి పోతాయి, అది కళ్లారా చూసినాక ఆ హద్దు జన్మలో మర్చిపోము.

ఒక లెక్క చెప్తా, ఇది కోర్సులోది కాదు, కోర్సు అయినాక మన నేలకి నేను వేసుకున్నది. మన అనంతపురం పక్క చానా చోట్ల పైన కొన్ని మీటర్లు గరుసు, దాని కింద గట్టి గ్రానైటు. గరుసులో అల వేగం సెకనుకి 1000 మీటర్లు, గ్రానైట్‌లో 5500 అనుకుందాం. 50 హెర్ట్జ్ అల అయితే గరుసులో దాని పొడుగు 20 మీటర్లే, ఆ పొడుగులో కనీసం 10 పాయింట్లన్నా పడల్లంటే గడి సైజు 2 మీటర్లకి తేవల్ల. టైం స్టెప్ దగ్గరికొస్తే, ఒక స్టెప్పులో అల ఒక గడికి మించి పోకూడదు, కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ ముగ్గురూ కలిసి 1928లో చెప్పిన షరతు ఇదే, దీనికి ఎక్కువ వేగం ఉండే గ్రానైటునే పట్టుకోవల్ల కాబట్టి 2ని 5500తో భాగిస్తే 0.00036 సెకన్లు. అంటే గడి సైజేమో పైన గరుసు తేలుస్తాది, టైం స్టెప్పేమో కింద రాయి తేలుస్తాది, రెండు పక్కలా దెబ్బ మనకే. ఇదంతా గడులన్నీ ఒకే సైజు ఉండే మామూలు ఫైనైట్ డిఫరెన్స్ లెక్క. అదే ఫైనైట్ ఎలిమెంట్‌లో ముక్కల సైజు చోటుని బట్టి మార్చుకొని, పైన 2 మీటర్ల ఎలిమెంట్లు, కింద 10 మీటర్ల ఎలిమెంట్లు పెట్టుకుంటే? పైన 0.002, కింద 0.0018, రెండూ ఇంచుమించు ఒకటే, గ్రానైట్‌లో అల పొడుగు 110 మీటర్లు కాబట్టి ఆడ కూడా పాయింట్లకి లోటు లేదు. టైం స్టెప్ ఐదింతలు పెద్దదైంది! ఫైనైట్ ఎలిమెంట్ మన నేలకి ఎందుకు కావల్ల అంటే నా సమాధానం ఇదే.

ఎఫ్ఈఎం భాగాన్ని కదలని కేసుతో మొదలుపెడతాడు, ఒక కడ్డీ మీద బలం పెడితే ఎంత సాగుతుంది అని. వీక్ ఫామ్ (ఈక్వేషన్‌ని ఇంకో ఫంక్షన్‌తో గుణించి ఇంటిగ్రేట్ చేసిన రూపం), గుడారం ఆకారంలో ఉండే బేసిస్ ఫంక్షన్లు (జవాబుని కట్టే ఇటుకలు), స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ (కడ్డీ సాగకుండా ఎంత గట్టిగా నిలబడుతుందో చెప్పే పట్టిక) ఒక్కొక్కటే కాగితం మీద కట్టిస్తాడు. ఫ్రీ సర్ఫేస్ కండిషన్, అదే నేల పైభాగంలో స్ట్రెస్ సున్నా అనేది, పార్ట్స్‌గా ఇంటిగ్రేట్ చేసేటప్పుడు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది, నాకైతే కోర్సు మొత్తంలో బాగా నచ్చింది ఈ చోటే, రెండు మూడు సార్లు వెనక్కి పెట్టుకొని చూసినా.

తర్వాత అలలకి వచ్చేసరికి మాస్ మాట్రిక్స్‌ని (ముక్కల బరువుల లెక్క ఉండే పట్టిక) ఇన్వర్ట్ చేయాల్సిన తలనొప్పి మొదలవుతుంది, దానికి మందు స్పెక్ట్రల్ ఎలిమెంట్. ఇంటర్‌పొలేషన్ పాయింట్లూ ఇంటిగ్రేషన్ పాయింట్లూ ఒకటే పెట్టుకుంటే, గాస్ లోబాటో లెజాండ్ర్ పాయింట్లు అంటారు వాటిని, మాస్ మాట్రిక్స్ డయాగొనల్ అయిపోతుంది, అంటే మూల నుంచి మూలకి పోయే గీత మీద తప్ప అంతా సున్నాలే, ఇంక ఇన్వర్ట్ చేయడమంటే ఉత్త భాగహారమే. స్పెక్ట్రల్ ఎలిమెంట్ పద్ధతిని మొదట ఫ్లూయిడ్స్ కోసం 1984లో తెచ్చింది పటేరా అనే ఆయన, భూకంప అలలకి వాడే స్పెక్‌ఫెమ్ కోడ్ నడిచేది దీని మీదనే.

ఒకటి తెలుసుకొని చేరండి, కోర్సంతా అలల గురించే, ఎలిమెంట్ పద్ధతులు 1డీ దాకానే. బోరు పాయింట్లకి రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీళ్ల జాడ చూసేది) చేసే వాళ్లకి ఇది నేరుగా పనికిరాదు. వాళ్లు ఈ కోర్సు అయినాక పైజిమ్లీ అనే ఫ్రీ లైబ్రరీ పట్టుకోండి, కరెంటు నేలలో ఎట్ల పారుతుందో దాంట్లో ఫైనైట్ ఎలిమెంట్‌తోనే లెక్క కడతారు, వీక్ ఫామ్ తెలిసినోళ్లకి ఆ కోడ్ చదివితే అర్థమవుతుంది. సీస్మిక్ వైపు పోయే వాళ్లకి మనింటి పక్కనే సరుకుంది, 1970ల్లో హైదరాబాద్‌లోని జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కావలి నుంచి ఉడిపి దాకా డీప్ సీస్మిక్ లైన్ (అలలు పంపి లోతు పొరలు చూసే సర్వే గీత) వేసినారు, అది మన కడప బేసిన్ మీదుగానే పోతుంది, ఆ పొరలతో మోడల్ కట్టుకొని నడిపి చూడొచ్చు.

మామూలు లాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. డిగ్రీ కాల్కులస్, మాట్రిక్సులు, కొంచెం పైథాన్ వచ్చుండల్ల, అవి రాకుంటే ముందు అవి చూసుకొని రండి. సీస్మో లైవ్ అని ఇదే రకం నోట్‌బుక్కులు విడిగా ఫ్రీగా కూడా దొరుకుతాయి, చేరేదానికి ముందు వాటిలో ఫైనైట్ డిఫరెన్స్‌ది ఒకటి నడిపి చూస్తే మీకు పడుతుందో లేదో ఒక పూటలో తెలిసిపోతుంది.