సెకండ్ హ్యాండ్ "గిగాబిట్" రౌటర్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఈ కమాండ్లు కొట్టించండి

తిరుపతి, చిత్తూరు వైపు స్టడీ హాలో, లాడ్జీయో, చిన్న ఆఫీసో నడుపుతూ సెకండ్ హ్యాండ్ సిస్కో రౌటర్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు కాస్త ఆగండి. గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) రౌటర్ అని చెప్పి 100 ఎంబీపీఎస్ దాటని పెట్టెలు అంటగడుతున్నారు. నాకూ అంటగట్టారు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను, కానీ మోసం ఎక్కడుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో మాత్రం దాచకుండా చెప్తాను.

మాది బాలాజీ కాలనీలో స్టడీ హాల్. డీఎస్సీకి, గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటారు, అందరివీ వీడియో క్లాసులే, ఆదివారం వచ్చిందంటే ఆన్‌లైన్ మాక్ టెస్టులు. నెట్ ఆగినా టెస్టు టైమర్ ఆగదు, ఆ పిల్లల టెన్షన్ చూడలేక 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, దానికి తగ్గది కావాలని సిస్కో వాళ్ల ఐఎస్ఆర్ 4331 మోడల్ రౌటర్ కొన్నాను.

షాపులో ఆయన "చెన్నై రిచీ స్ట్రీట్ మాల్ సామీ, పెద్ద కంపెనీలో వాడింది, మీ 300 దీనికి ఒక లెక్కా" అన్నాడు. నా ముందే కన్సోల్ కేబుల్ (రౌటర్‌కి కమాండ్లు ఇచ్చే కేబుల్) పెట్టి, పోర్టుల వివరాలు చూపే 'షో ఇంటర్‌ఫేసెస్' కొట్టి, బీడబ్ల్యూ (బ్యాండ్‌విడ్త్) 1000000 కేబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ అని ఉన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు. కింద ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి రెండు వైపులా డేటా పోవడం), 1000 ఎంబీపీఎస్ అని కూడా ఉంది. ఎర్రర్లన్నీ సున్నా.

ఆ లైన్లు అబద్ధం కావు, కానీ మనం అడిగిన ప్రశ్నకు అవి జవాబు కాదు. 1000 ఎంబీపీఎస్ అంటే కేబుల్‌కి అవతల ఉన్న పరికరంతో పోర్టు ఎంత స్పీడుకి ఒప్పుకుందో అంతే. బీడబ్ల్యూ అనేది రౌటింగ్ లెక్కల కోసం రౌటర్ పెట్టుకునే అంకె. ఐఎస్ఆర్ 4000 సిరీస్‌లో అసలు పరిమితి లైసెన్సులో ఉంటుంది. 4331కి మామూలుగా వచ్చేది 100 ఎంబీపీఎస్, పెర్ఫార్మెన్స్ లైసెన్సు కొంటే 300. 4321 అయితే 50, లైసెన్సుతో 100. 4351కి 200, 400. అది కూడా అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ కలిపి. అలిపిరి దగ్గర రోడ్డు ఎంత వెడల్పున్నా చెకింగ్ కౌంటర్ ఒక్కటే తెరిస్తే బండ్లు ఎలా ఆగిపోతాయో, లోపల అదే జరుగుతుంది. కంపెనీ ఇదంతా తన డేటాషీట్‌లో రాసే పెట్టింది, దాచింది అమ్మినవాడు.

హాల్లో పెట్టాక సాయంత్రం సీట్లు నిండగానే వీడియోలు తిరుగుడు మొదలు. ఫైబర్ బాక్సుకి నేరుగా లాప్‌టాప్ పెడితే పూర్తి స్పీడు వస్తోంది, రౌటర్ గుండా వస్తే 90 చిల్లర దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగుతోంది. 'షో ఇంటర్‌ఫేసెస్'లో ట్రాఫిక్ రేటు చూస్తే తక్కువగానే కనిపించేది, ఎందుకంటే అది 5 నిమిషాల సగటు, మధ్యలో వచ్చే రద్దీ అందులో కలిసిపోతుంది. ఇంటర్‌ఫేస్ కాన్ఫిగరేషన్‌లో 'లోడ్-ఇంటర్వల్ 30' అని పెడితే 30 సెకండ్ల సగటు ఇస్తుంది, అప్పుడు అసలు బొమ్మ కనిపించింది. రౌటర్‌కి భారం ఎక్కువైందేమోనని 'షో ప్లాట్‌ఫామ్ హార్డ్‌వేర్ క్యూఎఫ్‌పీ యాక్టివ్ డేటాపాత్ యుటిలైజేషన్' చూశాను. ఈ మోడల్లో ప్యాకెట్లను (డేటా ముక్కల్ని) ముందుకు పంపే పని విడిగా జరుగుతుంది కాబట్టి ఉత్త 'షో ప్రాసెసెస్ సీపీయూ' చూస్తే సరిపోదు. అక్కడా లోడు పెద్దగా లేదు. పని లేకుండా ఖాళీగా ఉంది, అయినా ట్రాఫిక్ ముందుకు పోదు.

అప్పుడు కొట్టాను 'షో ప్లాట్‌ఫామ్ హార్డ్‌వేర్ త్రూపుట్ లెవెల్' అని. ఒక్క లైను వచ్చింది: ప్రస్తుత త్రూపుట్ లెవెల్ (రౌటర్ గుండా పోనిచ్చే స్పీడు) 100000 కేబీపీఎస్, అంటే 100 ఎంబీపీఎస్. 'షో లాగింగ్'లో కూడా లైసెన్సు బ్యాండ్‌విడ్త్ అంచుకు చేరుతోందని బీడబ్ల్యూ లైసెన్స్ పేరుతో మెసేజీలు వరసగా పడి ఉన్నాయి.

ఇంతటితో అయిపోలేదు. 0/0/1 పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైపోయి వచ్చిన డేటా లెక్క) చూస్తుండగానే పెరుగుతున్నాయి. కేబుల్ మార్చినా అంతే, స్విచ్‌లో పోర్టు మార్చినా అంతే. అదే కేబుల్ తీసి 0/0/0లో పెడితే ఒక్క ఎర్రరూ లేదు. మరి షాపులో సున్నాలెలా కనిపించాయంటే, 'క్లియర్ కౌంటర్స్' కొడితే చాలు, లేదా రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేసినా చాలు, పాత లెక్క మొత్తం పోతుంది. అందుకే ఎర్రర్ల అంకె ఒక్కటే చూడొద్దు, కౌంటర్లు చివరిసారి ఎప్పుడు క్లియర్ చేశారో చెప్పే లైను అక్కడే ఉంటుంది, 'షో వెర్షన్'లో అప్‌టైమ్ (ఆన్ చేసి ఎంతసేపైందో) ఉంటుంది, రెండూ చూడండి. అప్పుడే ఆన్ చేసిన రౌటర్‌లో సున్నాలుంటే దానికి విలువ లేదు. ప్రతి పోర్టుకీ లాప్‌టాప్ తగిలించి, పెద్ద ఫైలు కాసేపు కాపీ చేయించి, మళ్లీ చూపించమనండి. ఒప్పుకోకపోతే బయటికి వచ్చేయండి.

వెనక్కి తీసుకెళ్తే మొదట "మీ వైరింగ్ ప్రాబ్లం" అన్నాడు. స్క్రీన్ చూపిస్తే గమ్మున ఉండిపోయి, తర్వాత "త్రూపుట్ పెంచే కమాండ్ ఉంది, కొట్టుకోండి సార్, ఎవరు చూస్తారు" అన్నాడు. లైసెన్సు కొనకుండా ఆ కమాండ్ కొట్టి నా హాలు నడపమని సలహా ఇస్తున్నాడంటే ఒళ్లు మండింది. బిల్లు మీద "టెస్టింగ్ వారంటీ" అని మాత్రమే రాసి ఉంది, ఆ మాట పట్టుకుని డబ్బు వాపసు ఇవ్వనన్నాడు. మీరు కొంటే మోడల్, సీరియల్ నంబరు, త్రూపుట్ లెవెల్ ఎంతో బిల్లులోనే రాయించుకోండి. 'షో వెర్షన్'లో ప్రాసెసర్ బోర్డ్ ఐడీ దగ్గర కనిపించే నంబరూ బిల్లులో నంబరూ ఒకటేనా అని కూడా చూసుకోండి.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. వ్యాపారానికి కొన్నదానికి కేసు పడదని అందరూ భయపెడతారు, కానీ సొంతంగా పని చేసుకుంటూ బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫైలింగ్ ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. బిల్లు, కమాండ్ల స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా దాచుకోండి.

ఆ షాపులో ఇవే పెట్టెలు ఇంకా వరసగా పేర్చి ఉండటం నేను చూశాను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఉంటే, మిగతా డబ్బు ఇవ్వకముందే వెళ్లి ఆ త్రూపుట్ లెవెల్ కమాండ్ మీ ముందు కొట్టించండి. ఇంకో మోడలైతే పేరు కింద కామెంట్లో పెట్టండి అన్నా, ఏం చూడాలో తెలిసినంత చెప్తాను.