మాహిష్మతి సెట్ రివ్యూ: తిరుపతి నుంచి బయల్దేరే బాహుబలి పిచ్చోళ్ల కోసం

ముందే చెప్పేస్తున్నా. బాహుబలి అంటే నిజంగా పిచ్చి ఉన్నవాళ్లు రామోజీ ఫిలింసిటీలోని మాహిష్మతి సెట్ చూసి తీరాల్సిందే, డబ్బులు వృథా కావు. కానీ మేం కొన్నట్టు 'తిరుపతి టు తిరుపతి, అన్నీ కలిపి' అనే ప్యాకేజీ మాత్రం కొనొద్దు. సెట్‌కి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తా, ప్యాకేజీకి ఒకటి, ఆ ఒకటి కూడా డ్రైవరన్న మంచితనానికి.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలూ కలిపి 'బాహుబలి ది ఎపిక్' అని ఒకటే సినిమాగా వదిలారు కదా. అది చూసొచ్చినప్పటి నుంచి మా అక్క కూతురు ఒకటే గోల, మాహిష్మతికి ఎప్పుడు పోదాం మామా అని. మొదటి భాగం వచ్చిన 2015 జులైకి అది పుట్టనే లేదు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోడానికి మనం 2017 ఏప్రిల్ 28 దాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాం, దానికి ఇంటర్వెల్ తర్వాతే తెలిసిపోయింది, అదృష్టవంతురాలు. అట్లా మా అక్కాబావ, పిల్ల, నేను, తిరుపతిలో టీటీడీ వాళ్ల శిల్ప కళాశాలలో చదువుకున్న నా ఫ్రెండ్ ఒకడు, అందరం బయల్దేరాం. వాణ్ణి తీసుకెళ్లడమే ఈ ట్రిప్‌లో నేను చేసిన తెలివైన పని, ఎందుకో తర్వాత చెప్తా.

ట్రావెల్స్ సంగతి త్వరగా ముగిస్తా, తలుచుకుంటే బీపీ వస్తుంది. పేరు చెప్పను. ఆఫీసులో కూర్చున్నాయన ఏసీ బండి అన్నాడు, దారిలో ఓర్వకల్లు ఆపుతాం అన్నాడు, ఫిలింసిటీలో రోజంతా అన్నాడు. రాజంపేట దాటేసరికి ఏసీ చల్లదనం పోయింది, అడిగితే 'ఫుల్లుగా వేస్తే బండి లాగదు సార్' అని సమాధానం. ఓర్వకల్లు దగ్గర ఆపమంటే ఆఫీసుకి ఫోన్ చేసి పర్మిషన్ తీసుకోవాలంట! మా బావ ఫోన్ లాక్కుని మాట్లాడితే గానీ ఆగలేదు. పైగా మేం అడగని హోటల్ దగ్గర, అడగని షాపు దగ్గర మాత్రం టంచనుగా ఆగింది. డ్రైవరన్నది తప్పు కాదు పాపం, పై నుంచి ఏం చెప్తే అది చేస్తాడు.

సరే, ఓర్వకల్లు కోసం అంత గొడవ ఎందుకంటే, బాహుబలి షూటింగ్ మొదలైంది అక్కడే. 2013 జులై 6న కర్నూలు రాక్ గార్డెన్స్‌లో మొదటి షెడ్యూల్ పెట్టారు. కర్నూలు - నంద్యాల రోడ్డు పక్కనే ఉంటుంది, మనం కడప, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పోతే ఎట్లాగూ దాని ముందు నుంచే వెళ్తాం. చిత్తూరు వాళ్లు పీలేరు, రాయచోటి దారిలో వచ్చినా కడప దగ్గర ఇదే రోడ్డులో కలుస్తారు. విచిత్రమైన ఆకారాల్లో పెద్ద పెద్ద రాళ్లు, మధ్యలో నీళ్లు. ఇక్కడ ఎవరూ కట్టిందేం లేదు, కాబట్టి పాడైపోయేదీ లేదు. అభిమానులు సగం మంది దీన్ని వదిలేసి నేరుగా హైదరాబాద్ పోతారు, నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది. పొద్దున్నో సాయంత్రమో పడేట్టు చూసుకోండి, మధ్యాహ్నం ఆ రాళ్ల మీద ఎండకి నిలబడలేరు.

ఆళ్లగడ్డలో టీ తాగేటప్పుడు ఒక పని చేయండి, రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. ఆళ్లగడ్డ శిల్పాలకి మంచి పేరుంది. అక్కడ ఉలి దెబ్బ విన్నాక, సెట్‌లో విగ్రహాన్ని వేలితో కొట్టినప్పుడు వచ్చే చప్పుడు వింటే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. కర్నూలు నుంచి వస్తే శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట్‌లో దిగి విజయవాడ హైవేలో కొంచెం ముందుకెళ్తే ఫిలింసిటీ, సిటీ ట్రాఫిక్‌లోకి పోయే పనే లేదు. 1996లో మొదలైన ఈ ఫిలింసిటీకి ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్ రికార్డు ఉంది, లోపల వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు. మిగతా వాటి గురించి నేను రాయను, వాటికి బోలెడు రివ్యూలున్నాయి. మాహిష్మతి దగ్గర బస్సు దిగి నడిచి చూడాలి.

దిగగానే మా పిల్ల అడిగిన మొదటి ప్రశ్న: 'మామా, జలపాతం యాడుంది?' లేదు తల్లీ. అది కేరళలో ఉంది, చాలకుడి నది మీద అతిరప్పిళ్లి. అసలు ఎత్తు 80 అడుగులే, మిగతా ఆకాశాన్నంటే ఎత్తంతా కంప్యూటర్ పెంచింది. మన తలకోన 270 అడుగులు! సినిమాలో శివుడు ఎక్కడానికి ఆపసోపాలు పడిన జలపాతం కంటే మన ఎర్రావారిపాలెం దగ్గరున్నదే మూడింతలు పొడుగు అని చెప్తే అది నమ్మలేదు, ఇప్పటికీ నమ్మట్లేదు.

ఈ సెట్‌ని చూసే పద్ధతి ఒకటుంది, అది తెలియకపోతే 'ఇంతేనా' అనుకుంటూ వచ్చేస్తారు. సినిమాలో మాహిష్మతి కోట మబ్బుల దాకా ఉంటుంది. ఇక్కడ నటులు నిలబడేచోటు, నడిచేచోటు, కెమెరాకి దగ్గరగా కనబడే మెట్లూ స్తంభాలూ ఏనుగు బొమ్మలూ ఇవే ఉంటాయి. దానిపైన కోట అంతా తర్వాత కంప్యూటర్‌లో కలిపినదే. కాబట్టి తలెత్తి శిఖరం కోసం వెతక్కండి, తల వంచి స్తంభం మొదట్లో చూడండి, పనితనం అంతా అక్కడుంది. ప్రొడక్షన్ డిజైనర్ సాబు సిరిల్, ఆయన కింద పనిచేసిన ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల చేతి పని ఇది.

మా శిల్పిగాడు ఒక స్తంభాన్ని వదలడే. 'రేయ్, ఇది ముందు మట్టితో చేసుంటారు, దాని మీద మౌల్డు తీసి, ఆ మౌల్డులో ఫైబర్ పోసుంటారు, ఒక్క మట్టి బొమ్మ చేస్తే ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు' అంటూ, పక్కపక్కన ఉన్న బొమ్మల్లో ఒకే ముక్కు మీద ఒకే గీత ఎట్లా ఉందో చూపించాడు. రాతికి వందల ఏళ్ల నాచు పట్టినట్టు కనబడే నలుపూ పచ్చా అంతా పెయింటింగ్. కొత్త గోడని పాతగా చూపించడం కొత్త గోడ కట్టడం కంటే కష్టం అన్నాడు. నేనైతే వాడు చెప్పేదాకా దాన్ని నిజంగానే వానకి పట్టిన మరక అనుకున్నా, ఎండకీ వానకీ ఇన్నేళ్లు నిలబడ్డాక అందులో కొంత నిజం మరకే అయి ఉండొచ్చు కూడా, ఏది ఎంతో చెప్పడం వాడి వల్ల కూడా కాలేదు. వెనక్కి వెళ్లి చూడగలిగిన చోట తప్పకుండా చూడండి. ముందు మహారాజు కోట, వెనక ఇనప గొట్టాలు, ప్లైవుడ్, పెళ్లి మంటపం వెనక చూసినట్టే. కొంతమందికి ఇది చూస్తే సినిమా మీద మోజు పోతుందంటారు. నాకు రెట్టింపైంది.

ఫోటోల దగ్గర మాత్రం ఓపిక కావాలి. వచ్చినవాళ్లలో ప్రతి బ్యాచ్‌దీ ఒకటే పోజు, ఒకరు మోకాళ్ల మీద, వెనక నుంచి ఇంకొకరు పొడవడం. మా బావ నన్ను పొడిచాడు, ఆ ఉత్సాహం చూస్తే ఎప్పటి కోపమో అనిపించింది. ఇంకో బ్యాచ్‌లో కుర్రాళ్లు కాలకేయుల భాషలో అరుస్తున్నారు. ఆ కిలికి భాషని మదన్ కార్కి 750 దాకా మాటలతో, వ్యాకరణంతో సహా తయారుచేశాడు, వీళ్లు మాత్రం నోటికొచ్చింది అరుస్తున్నారు. ఆ కాలకేయుల యుద్ధం తీసింది కూడా ఈ ఫిలింసిటీ నేలమీదే.

ఒక మాట అడగాలనిపించింది, కోపం తెచ్చుకోకండి. ఇంత దూరం ఫైబర్ కోట చూడ్డానికి వచ్చే మనం, తిరుపతి పక్కనే ఉన్న చంద్రగిరికి ఎన్నిసార్లు పోయాం? విజయనగర రాజులు రాజధానిగా ఏలిన చోటు. రాజమహల్ మొత్తం రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, ఎక్కడా కలప వాడలేదు. బాహుబలి మీద ఇష్టంతోనే చెప్తున్నా, ముందు చంద్రగిరి చూసి తర్వాత మాహిష్మతికి పోతే సాబు సిరిల్ వాళ్లు ఏం చేశారో ఇంకా బాగా అర్థమవుతుంది. అసలు మాహిష్మతి అనే ఊరు పురాణాల్లో కార్తవీర్యార్జునుడిది, నర్మద ఒడ్డున, సినిమాకి దాని పేరొక్కటే తీసుకున్నారు.

ఎట్లా పోవాలంటే: ఓర్వకల్లు వద్దు, సెట్ ఒక్కటే చాలు అనుకుంటే రాత్రి నారాయణాద్రి ఎక్కి పొద్దున సికింద్రాబాద్‌లో దిగి, ఎల్బీనగర్, హయత్‌నగర్ దారిలో పొండి. వందేభారత్ కూడా ఉంది గానీ అందులో పోతే రాత్రికి అక్కడ ఉండాలి. చిత్తూరు వాళ్లకి వెంకటాద్రి ఊళ్లోనే దొరుకుతుంది, అది కర్నూలు మీదుగా పోతుంది కాబట్టి కర్నూల్లో దిగి ఓర్వకల్లు చూసుకుని సాయంత్రం బస్సుకి హైదరాబాద్ పోవచ్చు, తక్కువ ఖర్చులో నాకు తోచిన మంచి ప్లాన్ ఇదే. టికెట్ రేట్లు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మెట్లూ నడకా ఉంటాయని ముందే చెప్పి తీసుకెళ్లండి, మా అక్క చెప్పులు మార్చుకోడానికి బస్సు దాకా వెనక్కి పోవాల్సొచ్చింది.

లేదు, గుంపుగా బండే కట్టించుకుంటాం అంటే, ఆగే చోట్లన్నీ కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి, సగం డబ్బులు తిరిగొచ్చాకే ఇవ్వండి. ఏసీ మాత్రం అలిపిరి దగ్గర కాదు, కడప ఎండలో చెక్ చేయండి.