మావిక్ 2 ప్రోకి లోకల్ బ్యాటరీ: రెండు చలికాలాలు వాడాక

ముందే చెప్పేస్తున్నాను. నా మావిక్ 2 ప్రో డ్రోన్‌కి కొన్న ఈ లోకల్ బ్యాటరీ, అంటే డ్రోన్ కంపెనీది కాకుండా వేరేవాళ్లు చేసిన బ్యాటరీ, దాని మీద నాకున్న కోపమంతా ఒక్క అంకె మీదే. ఛార్జ్ ఇంకా ఎంత మిగిలిందో చెబుతూ ఫోన్ తెర మీద కుడివైపు పైమూల కనిపించే పర్సెంటేజీ. బరువు, కెపాసిటీ, ఎన్ని నిమిషాలు ఎగురుతుంది లాంటివి అమ్మేవాళ్ల పేజీలోనే దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. లైసెన్సు, రిజిస్ట్రేషన్ సంగతులూ ఎత్తను.

నాది పర్లాకిమిడిలో చిన్న స్టూడియో. పాతపట్నం, టెక్కలి వైపు తెలుగువాళ్ల పెళ్లిళ్లు, ఇటు కాశీనగర్, గుణుపురం వైపు ఒడియావాళ్ల పెళ్లిళ్లు, రెండూ చేస్తాం. డ్రోన్ 2019లో కొన్నది, ఇప్పటికీ దాని కెమెరాకి వంక పెట్టలేను. దాంతో వచ్చిన ఒరిజినల్ బ్యాటరీల్లో ఒకటి పోయింది. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు కదా. విడిభాగాల మీద ఆ నిషేధం లేదు, కానీ ఇంత పాత మోడల్‌కి కొత్త ఒరిజినల్ బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది? అడిగిన చోటల్లా పాత స్టాకే. సీలు విప్పనిదే అయినా లోపలున్నది లిథియం పాలిమర్, డబ్బాలో కూర్చున్నా వయసు మీద పడుతూనే ఉంటుంది. దానికి చెప్పే ధర మాత్రం కొత్తదానికంటే ఎక్కువ. అందులో సగం కూడా లేని ధరకి ‘కంపాటిబుల్’ అని ఒకటి ఆన్‌లైన్‌లో కనిపిస్తే తెప్పించాను. లిథియం కదా, విమానంలో కాకుండా రోడ్డు మీదే పంపారు. రావడానికి చాలా రోజులు పట్టింది.

మొదట్లో బాగుంది. డ్రోన్ వీపు మీద పెట్టి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు ఒకేసారి టక్‌మన్నాయి. యాప్ కూడా ఏ పేచీ పెట్టలేదు, ఇది ఒరిజినల్ కాదు అని ఒక్క హెచ్చరికా రాలేదు. వైశాఖమాసం పెళ్లిళ్లన్నీ దాంతోనే లాగించాను. ఒరిజినల్‌కీ దీనికీ తేడా రెండు మూడు నిమిషాలు, అంతే. ఇంకో సుఖం కూడా కనిపించింది. ఒరిజినల్‌ని ఫుల్‌గా ఛార్జ్ చేసి పది పదిహేను రోజులు పక్కన పెడితే తనంతట తనే కొంత దించేసుకుంటుంది, పెళ్లి ముందు రోజు మళ్లీ ఛార్జింగ్ పెట్టాలి. ఇది మాత్రం నెల తర్వాత తీసినా ఛార్జ్ చూపించే నాలుగు లైట్లూ వెలిగించి సిద్ధంగా ఉండేది. బరంపురంలో తోటి వీడియోగ్రాఫర్ ఒకాయన అడిగితే ఈ విషయమే గొప్పగా చెప్పాను. ఈ గొప్ప సంగతికి మళ్లీ వస్తాను.

పుష్యమాసంలో టెక్కలి జంట ఒకటి ప్రీవెడ్డింగ్ షూట్ అడిగారు. వాళ్లకి మంచు కావాలి, కొండలు కావాలి, వెనకాల జిరంగ్ బౌద్ధ మఠం కనిపించాలి. మా గజపతి జిల్లాలో మంచు అంటే చంద్రగిరి, జిరంగ్ వైపే. టిబెటన్లు స్థిరపడ్డ ప్రాంతం, పర్లాకిమిడి కంటే బాగా చలి. ముందు రోజు రాత్రే వెళ్లి అక్కడే పడుకున్నాం. బ్యాటరీల సంచి కారులోనే ఉంది. ఒరిజినల్, లోకల్ రెండూ ఆ సంచిలోనే, రెండింటికీ ఒకే చలి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

పొద్దున్నే మొదట ఒరిజినల్ పెట్టి ఎగరేశాను. మంచు అప్పుడప్పుడే విడుతోంది. ముప్పై శాతం దగ్గర యాప్ మామూలుగా అరిచింది, దింపేశాను. రెండోసారి లోకల్‌ది. టేకాఫ్‌లో బ్యాటరీ టెంపరేచర్ పదహారు డిగ్రీలో ఎంతో చూపించింది. మొదటి కొన్ని నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. లోయ మీదుగా దూరంగా వెళ్లి, వెనక్కి తిరిగి, జంట మీద నుంచి పైకి లేస్తూ మఠం కనిపించేలా ఒక షాట్ తీయాలి. ఆ షాటే వాళ్లకి కావలసింది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. బ్యాటరీ నలభై ఒక్క శాతం ఉంది. కంట్రోలర్ మీద స్టిక్ పైకి నొక్కాను.

అంతే. కంట్రోలర్ ఒకటే అరుపు. తెర మీద ఎర్రటి గీత, వోల్టేజీ మరీ తక్కువ, ల్యాండ్ అవుతున్నాను అని. అంకె మాత్రం ఇంకా ముప్పై తొమ్మిది.

మా కుర్రాడు నా భుజం మీంచి తెర చూసి, ‘అన్నా, నలభై ఉంది కదా, ఏటి దిగిపోతంది?’ అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు! ఈ డ్రోన్‌లో ఒక వెసులుబాటుంది. తనంతట తను దిగుతున్నప్పుడు కూడా స్టిక్ పూర్తిగా పైకి పట్టి ఉంచితే ఆ దిగడం కాస్త ఆగుతుంది, ఆ లోపల పక్కకి నడిపించుకోవచ్చు. అలా పట్టుకునే రోడ్డు వైపు లాక్కొద్దామని చూశాను. కానీ స్టిక్ పైకి నొక్కడమంటే మోటార్లకి ఇంకా కరెంటు కావాలి. కరెంటు లాగిన కొద్దీ వోల్టేజీ ఇంకా పడుతుంది. రోడ్డు దాకా రాలేదు. వాలులో ఉన్న పసుపు చేలో, ఆకు ఎండిపోయి వాలిన మొక్కల మధ్య పడింది.

మేము గట్టు దిగి వెళ్లేసరికి ఒక సవర పెద్దాయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఎదురొస్తున్నాడు. ఒడియా, తెలుగు కలిపి అడిగాడు, ‘బాబూ, మీదేనా? బతికే ఉంది, దీపాలెలుగుతన్నాయి.’ నిజమే. రెండు రెక్కలు విరిగాయి, గింబల్ (కెమెరాని కుదుపు లేకుండా పట్టి ఉంచే భాగం) రబ్బర్లు ఊడి కెమెరా ఒక పక్కకి వేలాడుతోంది, బ్యాటరీ మీద మాత్రం రెండు లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి. బటన్ నొక్కి చూసినా అవే రెండు. అంటే దాని లెక్క ప్రకారం ఇంకా సగానికి కొంచెం తక్కువ ఉన్నట్టే. అక్కడే నిలబడి ఫోన్ పెట్టి చూశాను, బ్యాటరీ లోపల కలిపి ఉండే చిన్న బ్యాటరీలు, అంటే సెల్స్, నాలుగూ మళ్లీ కోలుకుని 3.6 వోల్టులకి అటూ ఇటూ ఉన్నాయి. ఫ్లైట్ రికార్డు తిరగేస్తే, పైకి నొక్కిన ఆ క్షణంలో మూడు సెల్స్ 3.4 పైన నిలబడ్డాయి, నాలుగోది ఒక్కటే 3.2 కిందికి పోయింది. డ్రోన్ దిగిపోయింది ఆ ఒక్క దాని వల్లే. పర్సెంటేజీకి ఈ గొడవంతా పట్టనే లేదు.

బరంపురంలో ల్యాప్‌టాప్ బ్యాటరీలు బాగుచేసే కుర్రాడొకడున్నాడు, అతని దగ్గర కూర్చుంటే విషయం అర్థమైంది. ఈ బ్యాటరీల్లో ఒక చిప్ ఉంటుంది. లోపలికి ఎంత కరెంటు వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్క రాసుకుంటూ, తనకి తెలిసిన మొత్తం కెపాసిటీతో పోల్చి పర్సెంటేజీ చెబుతుంది. నా దాంట్లో చిప్‌కి కెపాసిటీ 3850 mAh అని రాసి పెట్టారు. విడి ఛార్జర్ మీద పెట్టి నెమ్మదిగా ఖాళీ చేసి కొలిస్తే బయటికి వచ్చింది మూడు వేల చిల్లర. పెద్ద ట్యాంకు మీటరు తెచ్చి చిన్న ట్యాంకుకి బిగించినట్టు. వెచ్చగా ఉన్నంతకాలం, ఎవరూ గట్టిగా లాగనంతకాలం ఈ తేడా బయటపడదు. చలి తగిలితే సెల్ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, పైగా ఎదురుగాలిలో పైకి లేవాలంటే మోటార్లు ఒక్కసారిగా లాగుతాయి, నాలుగింటిలో బలహీనమైనది ముందు చేతులెత్తేస్తుంది. అదే చలిలో అదే సంచిలో పడుకున్న ఒరిజినల్ ఆ పొద్దున ముప్పై దాకా సాఫీగా తిరిగింది. అదీ ఎన్నో ఏళ్లు వాడిందే. అందుకే ఇదంతా చలి వల్లే అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఇక ఆ ‘నాలుగు లైట్లూ వెలిగించి సిద్ధంగా ఉండేది’ అన్న సుఖం సంగతి. ఒరిజినల్ ఛార్జ్ దించేసుకోవడం దాని బలహీనత కాదు, ఆరోగ్యం కోసం చేసే పని. లిథియం పాలిమర్‌ని నిండుగా నింపి ఊరికే ఉంచితే లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది. అందులోనూ ఈ మోడల్ ఛార్జర్ 17.6 వోల్టుల దాకా నింపుతుంది, అంటే సెల్‌కి 4.4. అంత వోల్టేజీ తట్టుకునే సెల్స్ వేరే ఉంటాయి. మామూలు 4.2 రకం పెట్టి ఇదే ఛార్జర్‌తో అంతే నింపితే అది తొందరగా పాడవుతుంది. నా బ్యాటరీలో ఏ రకం ఉందో దాని లేబుల్ మీద లేదు. రెండో చలికాలం వచ్చేసరికి దాని పొట్ట వేలికి తెలిసేంత పెరిగింది. బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగేది. కుడి క్లిప్పు టక్‌మనేది, ఎడమది టక్‌మనేది కాదు. పైకి చూస్తే రెండూ కూర్చున్నట్టే ఉంటుంది, గోరుతో లేపితే ఎడమ పక్క లేచొస్తుంది. ఈ మోడల్‌లో బ్యాటరీ పైనుంచే కూర్చుంటుంది కాబట్టి గాల్లో ఆ పక్క లేచిందంటే డ్రోన్ రాయిలా పడుతుంది. కొందరు చుట్టూ వెల్క్రో పట్టీ బిగించి ఎగరేస్తారు. క్లిప్పులు సరిగ్గా పట్టే బ్యాటరీకి అదనపు భద్రతగా పట్టీ మంచిదే. ఉబ్బినదానికి పట్టీ కట్టి మనుషుల తలల మీద ఎగరేయడం మాత్రం నావల్ల కాదు. ఇప్పుడు అది పెరట్లో ఇసుక పోసిన బకెట్లో ఉంది. ‘ఆ బాంబుని ఇంట్లోంచి ఎప్పుడు తీస్తారు?’ అని మా ఆవిడ రోజూ అడుగుతోంది. మా ఊళ్లో పాత ఇనుము కొనేవాడు దాన్ని చూసి దండం పెట్టి పోయాడు. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి.

ఇంత తిట్టాక కూడా ఈ మధ్యే ఇంకో లోకల్ బ్యాటరీ తీసుకున్నాను, వేరే బ్రాండుది. వచ్చే మాఘం, ఫాల్గుణం ముహూర్తాలకి ఒక్క ఒరిజినల్‌తో గడవదు, ఇంకో దారి లేదు. కాకపోతే వాడే పద్ధతి మారింది. యాప్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌లో మెయిన్ స్క్రీన్ మీద వోల్టేజీ చూపించు అని ఒక ఆప్షన్ ఉంది, అది ఆన్ చేశాను. ఇప్పుడు నా కళ్లు దాని మీదే ఉంటాయి. ఎగురుతుండగా సెల్ 3.6కి వచ్చిందా, పర్సెంటేజీ యాభై చూపించినా సరే, వెనక్కి వచ్చేస్తాను. టేకాఫ్ అయ్యాక నిమిషం పాటు తల ఎత్తులో ఆపి ఉంచి, టెంపరేచర్ పాతిక దాటాకే పైకి పంపుతాను. నాలుగు సెల్స్‌లో ఏ ఒక్కటి మిగతావాటి కంటే 0.1 వోల్టు వెనకపడుతున్నా ఆ రోజుకి దాన్ని సంచిలో పడేస్తాను. పని అయ్యాక సగానికి దించి దాచడం ఇప్పుడు నా బాధ్యత, అది తనంతట తను చేసుకోదు.

లోయల మీదకీ, నది మీదకీ, చలి పొద్దుల్లోకీ ఒరిజినలే వెళుతుంది. షామియానా మీద ఒక చుట్టు, ఊరేగింపు ముందు ఒక షాట్, కింద ఎక్కడైనా దిగడానికి చోటుండే పనులు లోకల్‌వి. మా వైపు ఎండల్లో ఆ మాత్రం పనికి కొత్తది ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు, కానీ దానికింకా చలికాలం రాలేదు. విశాఖలో బీచ్ మీద ఎగరేసేవాళ్లు, అరకు, దేవ్‌మాలి వైపు తెల్లవారుజామున మంచు షాట్లు తీసేవాళ్లు నా మాట విని కొనొద్దు. నాలాగా ఇంటి చుట్టుపక్కల పెళ్లిళ్లకే వాడేవాళ్లయితే, డబ్బా మీద తయారీ నెల ఉన్నదే తీసుకోండి. వచ్చిన రోజే ఫుల్ ఛార్జ్ చేసి నాలుగు సెల్స్ చూడండి, తేడా ఉంటే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.